పండు ఫోను, పొట్టి దూడ

చౌడేపల్లె,
జూన్ 14

చెంగయ్యా,

నాలుగు రోజులుగా పడమటి గాలి ఆగకుండా వీస్తోంది. మబ్బు పడుతుంది, వాన రాదు. పొద్దున పాలు పితికి కేంద్రంలో పోసి వచ్చి, పైమడిలో టమోటా ఐదో కోత కోశాం. పక్కింటి బయ్యమ్మ, నేను, ఇంకో ఇద్దరు. ఇరవై మూడు క్రేట్లు అయ్యాయి. గాలికి ఒరిగిపోయిన కట్టెలు మధ్యాహ్నం మళ్లీ నిలబెట్టాం. ఇప్పుడు కాళ్లు చాపుకుని కూర్చున్నాను కాబట్టి నీకు రాస్తున్నాను.

మీ బావా నువ్వూ ఫోన్ల మీద వాదులాడుకోవడం నాకు కొత్త కాదు. పెద్దతిప్పసముద్రం పెళ్లిలో అన్నం ముందు కూర్చుని చారు చల్లారేదాకా వాదించుకున్నారు. కొరికిన పండు బొమ్మ ఉన్న నీ ఐఫోను గొప్పదని నువ్వు, తన ఆండ్రాయిడ్ ఫోనుకు ఏం తక్కువని ఆయన. మొన్న మదనపల్లె మండీలో మళ్లీ మొదలుపెట్టారు. వేలం ఆపి మరీ మండీ రాజేంద్ర తీర్పు చెప్పాడు.

"ఇన్ని మాటలు యాలప్పా? మూడు నెలలు ఫోన్లు మార్సుకోండి. నా ఫోను నాకియ్యమని ఎవురు ముందు అడిగితే వాళ్లు ఓడినట్ల. నడాన ఒకరికొకరు ఫోను సేసుకోగూడదు. నేర్పించుకుంటారు. ఏమన్నా సెప్పుకోవాల్నంటే కాయితం మింద రాసుకోండి."

సిమ్ములు తీయడానికి సన్నటి మొన కావాలంటే నా గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చినదాన్ని నేనే. పందెం ఏమిటో అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కున్నాక మీ బావ చెప్పాడు. నువ్వు ఓడితే నాయన రాజ్‌దూత్ బండి మాకు. ఆయన ఓడితే నా పొట్టి దూడ నీకు.

ఆ దూడ, మా బుడ్డక్క, నాది. అది పుట్టిన మూడో రోజే తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచాను. ఏడాదిన్నర అయినా నా మోకాలికి ఇంకో జానెడు ఎత్తు, అంతే. పుంగనూరు జాతి అంటే అదీ. దసరాకు నువ్వు ఎవరికో కావాలని అడిగినప్పుడే ఇవ్వనన్నాను. ఎవరికని అడిగితే నువ్వు చెప్పలేదు. నా దగ్గర దొరకనిదాన్ని ఆయనను రెచ్చగొట్టి పందెంలో పెట్టించావు.

మండీ నుంచి వస్తుంటే రాజేంద్ర మనిద్దరినీ చూసి, "అక్కకు మీసం లేదు, తమ్ముడు మీసం తీసేసినాడు. ఇద్దురూ ఒగే అచ్చు" అని నవ్వాడు. అచ్చు ఒకటే, బుద్ధులు వేరు అని నేను అనలేదు.

వసుధను అడిగానని చెప్పు.

అక్క
కృష్ణమ్మ

కుప్పం,
జూన్ 22

అక్కకు నమస్కారం.

ఇక్కడ రెండు మంచి వానలు పడ్డాయి. వేరుశనగ విత్తనాల కోసం జనం ఏడు గంటలకే అంగడి ముందు ఉంటున్నారు. తమిళంలో ఒకరు, కన్నడంలో ఒకరు, మన మాటలో ఒకరు, అందరూ ఒకేసారి అడుగుతారు. గొంతు పోయింది.

దూడ గురించి నా మీద కోపం పెట్టుకోవద్దు. దూడను పందెంలో పెట్టింది బావ. నేను మాత్రం తక్కువ పెట్టానా? నాయన బండి పెట్టాను.

బావ ఫోనుతో నాకు ఇబ్బంది ఏమీ లేదు. చిన్న చిన్నవి ఉంటాయి. ఎవరైనా ఫోను చేస్తే దాంట్లో రాసి ఉన్న పేరును అది గట్టిగా అరుస్తుంది. ఆ పేర్లు బావ పెట్టుకున్నవి. నా భార్య నంబరుకు ఆయన 'చెంగయ్య పోలీసు' అని పెట్టి ఉన్నాడు. మొన్న అంగడి నిండా జనం. 'చెంగయ్య పోలీసు, చెంగయ్య పోలీసు' అని ఫోను ఆపకుండా అరిచింది. ఒక రైతు ఎత్తుకున్న మూట కింద పెట్టి, "ఏమప్పా, కేసేమన్నా ఉండాదా?" అని అడిగాడు. నేను ఎత్తలేదు. కాసేపటికి వసుధే అంగట్లోకి వచ్చి నిలబడింది. అప్పుడూ అరుస్తూనే ఉంది, ఆమె తన చేతిలోని ఫోను ఇంకా కట్ చేయలేదు కాబట్టి. ఆ అరుపు ఆపే మీట ఎక్కడుందో నాకు ఇంకా దొరకలేదు.

ఫోటోల్లో నాలుగు వేల గుడ్ మార్నింగ్ పూలున్నాయి. జాగా లేదంటుంటే రోజుకు వంద తుడిపేస్తున్నాను. కూడికలు చేద్దామని తెరిస్తే ముందు ఒక పాప వచ్చి సబ్బు అమ్ముతుంది, ఆ తర్వాతే అంకెలు వస్తాయి. ఇవన్నీ ఇబ్బందులని నేను అనడం లేదు. సంగతులు రాస్తున్నాను.

బావ ఎలా ఉన్నాడు? నా ఫోను తెరుచుకుంటోందా? విత్తనాల పొట్లం వెనుక తాళం నంబరు రాసి ఇచ్చాను, జాగ్రత్తగా ఉందా? తెరవడం చేతకాకపోతే సిగ్గుపడొద్దని చెప్పు. ఆ వయసులో కష్టమే. ఓడిపోయానని ఒక్క ముక్క రాస్తే చాలు.

దూడ బాగా మేస్తోందా? గాలికుంటు టీకా వేయించారా? ఇప్పుడు ఎత్తు ఎంత? ఊరికే అడుగుతున్నాను.

చెంగయ్య

చౌడేపల్లె,
జూలై 2

చెంగయ్యా,

తుంపర పడుతోంది. పశువుల కొట్టంలో కాలు పెడితే జారుతుంది. పేడ ఎత్తి, గడ్డి కోసి, రెండు పూటలా పాలు పోసేసరికి రోజు అయిపోతోంది.

నీ ఫోను చక్కగా తెరుచుకుంటోంది. నీ నంబరుతో పని పడటం లేదు. ముఖం చూపిస్తే చాలు, తెరుచుకుంటుంది. మంచి ఏర్పాటు.

మీ బావకు మాత్రం ఒక కొత్త అలవాటు అయింది. ఫోను పట్టుకుని రోజుకు పదిసార్లు నా దగ్గరికి వస్తాడు. పొయ్యి దగ్గర ఉన్నా, పేడ గంప నెత్తిన ఉన్నా ఎదురుగా వచ్చి నిలబడతాడు. ముప్పై ఏళ్ల సంసారంలో ఆయన నా ముఖం ఇన్నిసార్లు చూసింది లేదు. బయ్యమ్మ గోడవతల నుంచి చూసి, "ఏం కృష్ణమ్మా, మీ ఆయప్ప కొత్త పెండ్లికొడుకు మాదిరి నీ ఎనకాల తిరగతా ఉండాడే" అంది.

ఇబ్బందులు ఆయనకూ ఉన్నాయి. వెనక్కు రావడానికి మీట లేదంటాడు. ఎక్కడికో పోతాడు, తిరిగి రాలేడు. "యాడికొచ్చినానో ఏమో, ఈడ్నించి దోవ లేదు" అని ఫోనును బోర్లా పెట్టేస్తాడు. ఆయన సిమ్ములు రెండు. నీ ఫోనులో ఒకటే పట్టింది. రెండోది సున్నపు డబ్బీలో ఉంది. పాలలో వెన్న ఎంత వచ్చిందో దానికే మెసేజు వస్తుంది. అందుకని రోజూ కేంద్రానికి నడిచిపోయి నోటితో అడిగి వస్తున్నాడు. ఛార్జింగు తీగ ఊళ్లో ఎవరి దగ్గరా లేకపోతే పుంగనూరులో ఫోన్లు బాగుచేసే సురేంద్ర అంగట్లో వెతికి తెచ్చుకున్నాం.

అయినా ఆయన ఓడిపోయే మాట ఎత్తడం లేదు. ఆ ఫోను చేతిలో ఉంటే నడుము నిటారుగా పెట్టుకుని నడుస్తున్నాడు. అన్నానికి కూర్చునే ముందు తువ్వాలుతో దాన్ని తుడిచి, తర్వాత చేతులు తుడుచుకుంటాడు.

దూడ ఎత్తు నేను కొలవలేదు. గెలిచాక నువ్వే వచ్చి కొలుచుకోవచ్చు. నాయన బండికి టైర్లు బాగున్నాయా? పెట్రోలు ట్యాంకు కారుతోందా? ఊరికే అడుగుతున్నాను.

అక్క
కృష్ణమ్మ

కుప్పం,
జూలై 11

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముఖం చూపిస్తే తెరుచుకుంటోందని రాశావు. ఎవరి ముఖం? దాంట్లో ఉన్నది నా ముఖం. బావకు నాకు పోలిక ఎక్కడుంది? ఆయనకు చెవుల దాకా మీసం ఉంది. సురేంద్ర దగ్గర దాన్ని విప్పించి ఏమైనా చేయించారా? అలా చేయించి ఉంటే అది పందెం తప్పినట్లే. రాజేంద్రకు చెప్పాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. ఆ ఫోనుకు మెసేజులు వస్తే తెరవొద్దని బావకు చెప్పు. అవన్నీ వ్యాపారం మాటలు. హార్స్లీ హిల్స్‌లో డ్రిప్పు పైపులు కావాలన్న పార్టీ ఒకరున్నారు. కొండ మీద సిగ్నలు సరిగా లేక ఆయన మెసేజులు తప్ప ఫోను చేయడు. నెల రోజులుగా ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను పంపినవాటికీ జవాబు లేదు. ఆయనకు కోపం వచ్చిందా, పైపులు వేరేచోట కొన్నాడా తెలియడం లేదు. కొండ ఎక్కి పోదామంటే విత్తనాల కాలం, అంగడి వదలలేను.

బావ ఫోను గురించి ఒక మంచి మాట కూడా రాయాలి. కౌంటరు మీద నుంచి రెండుసార్లు కింద పడింది, గీత కూడా పడలేదు. నాదైతే నా గుండె ముందు పగిలేది. రెండు సిమ్ములు పెట్టుకోవడం కూడా మంచిదే. నేనూ రెండోది ఒకటి తీసుకున్నాను. వసుధకు ఆ నంబరు తెలియదు, కాబట్టి అది మోగితే పోలీసు అని అరవదు. ఈ మాట నీ దగ్గరే ఉంచు.

బండి టైర్ల సంగతి నీకెందుకో తెలియలేదు. బాగానే ఉన్నాయి.

దూడను ఎండలో కట్టేయకండి. రంగు తగ్గుతుంది.

చెంగయ్య

మదనపల్లె,
జూలై 20

చెంగయ్యా,

ఇది మండీలో కూర్చుని రాస్తున్నాను. మన క్రేట్ల వంతు రావడానికి ఇంకా గంట పడుతుంది. తెల్లవారుజామున వచ్చాం. మీ బావ టీకి పోయాడు. రాజేంద్ర నన్ను చూసి, "నలభై దినాలమ్మా, దొరస్వామన్న గట్టోడే" అన్నాడు. గోడ మీద సున్నంతో గీతలు గీసి లెక్క పెడుతున్నాడు.

ఎవరి ముఖమని అడిగావు. మన ఇంటి ముఖమే. ఫోనును ఎవరూ విప్పలేదు. రాజేంద్రకు చెప్పుకోవాలంటే చెప్పుకో. ఆయన మొదట నీ విత్తనాల పొట్లం వెనుక నంబరు చూపించమంటాడు. దాన్ని నేను బియ్యం డబ్బాలో దాచాను.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. మీ బావ సైకిలెక్కి, వానలో, పుంగనూరు దాకా పోయి సురేంద్ర అంగట్లో ఛార్జింగు పెట్టుకుని వచ్చాడు. ప్రాణం పోయినా ఆ ఫోనుకు ఛార్జింగు పూర్తిగా దిగకూడదని నేను గట్టిగా చెప్పాను. కారణం ఉంది, తర్వాత రాస్తాను.

మా అమ్మాయి కీర్తి ఇక్కడి కాలేజీకి సెలవు ఉన్నప్పుడల్లా ఇంటికి వస్తోంది. మేనమామ ఫోనులో రాయడం దానికి చక్కగా వచ్చింది.

నీ రెండో సిమ్ము మాట నా దగ్గరే ఉంటుంది. వసుధ అడిగితే మాత్రం నేను అబద్ధం ఆడలేను. నన్ను అడిగేలా చేయకు.

పైపుల పార్టీ గురించి దిగులు పడొద్దు. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు. అంటే, నువ్వు రాసినదాన్ని బట్టి అనుకుంటున్నాను.

ఒక పని చెయ్యి. నాయన బండి లోపల దుమ్ము పట్టి ఉంటుంది. బయటికి లాగి, గుడ్డతో తుడిచి, అంగడి వరండాలో నిలబెట్టు. పది మంది చూస్తే బాగుంటుంది. నాయన ఉన్నప్పుడు అలాగే పెట్టేవాడు కదా.

మన పేరు పిలుస్తున్నారు. ఉంటాను.

అక్క
కృష్ణమ్మ

కుప్పం,
జూలై 30

అక్కా,

నమస్కారం పెట్టే ఓపిక లేదు.

నిన్న పది గంటలకు అంగడి ముందు చిన్న లారీ ఆగింది. ఒకడు దిగి తాడు తీసుకుని నేరుగా వరండాలోకి వచ్చి నాయన బండి హ్యాండిలుకు కట్టడం మొదలుపెట్టాడు. నువ్వు చెప్పావని రెండు రోజులు తుడిచి, తళతళలాడేలా అక్కడ పెట్టినవాణ్ణి నేనే.

"యాడికప్పా తీసకపోతాండావు?" అన్నాను.

"కొండ మిందికి. భానుప్రకాశ్ సారు పంపించినారు. నువ్వే కదన్నా ఎత్తకపొమ్మని మెసేజు పెట్టింది?" అని తన ఫోనులో ఉన్న ఫోటో చూపించాడు. వాళ్ల సారు తనకొచ్చిన మెసేజును ఫోటో తీసి వీడికి పంపాడు. పైన నా పేరు. కింద ఇలా ఉంది: 'దూడ కుదరదు. అది ఒక ఆడమనిషి చేతిలో ఉంది, ఆమె చచ్చినా ఇవ్వదు. బదులుగా మా నాయన పాత బండి ఇస్తాను. మీ గెస్ట్‌హౌస్ ముందు పెడితే టూరిస్టులు ఎక్కి ఫోటోలు తీసుకుంటారు. గడ్డి వేయాల్సిన పని కూడా లేదు. మనిషిని పంపండి. నేను కాదన్నా వినొద్దు, నాకు ఆ బండి మీద మమకారం ఎక్కువ.'

నేను కాదన్నాను. వాడు వినలేదు. "సారు ముందే సెప్పినాడు, నువ్వు కాదంటావని" అని ముడి ఇంకా బిగించాడు. తాడు ఒక చివర వాడు, ఒక చివర నేను. విత్తనాలకు వచ్చినవాళ్లంతా చుట్టూ చేరారు. అప్పుడే వసుధ వచ్చి, "ఏ దూడ? ఎవురికిస్తానన్నావు?" అని నన్ను అడిగింది. నా జేబులో రెండో సిమ్ము మోగింది. నిన్నంతా నేను అన్నం తినలేదు.

వాడికి టీ తాగించి, వచ్చే వారం చెబుతానని పంపించేసరికి పన్నెండు అయింది. వాడు మళ్లీ వస్తాడు.

నా ఫోను నాకు పంపించండి. వెంటనే. ఇంకో రోజు కూడా అది మీ ఇంట్లో ఉండకూడదు.

చెంగయ్య

చౌడేపల్లె,
ఆగస్టు 7

చెంగయ్యా,

వాన తెరిపి ఇచ్చింది. కలుపు తీయిస్తున్నాం.

నీ ఉత్తరం సోమవారం అందింది. మంగళవారం మండీకి పోయినప్పుడు రాజేంద్ర చేతికిచ్చాను. చివరి నాలుగు మాటలు అందరికీ వినబడేలా చదివాడు. 'నా ఫోను నాకు పంపించండి' అని ఉంది కాబట్టి నువ్వు ఓడినట్లు చెప్పి, గోడ మీద గీతలు తుడిచేశాడు.

ఇప్పుడు నేను దాచినవి రాస్తాను.

మొదటి రోజు రాత్రి అన్నాలయ్యాక మీ బావ నీ నంబరు రెండుసార్లు కొట్టాడు. తెరుచుకోలేదు. వారం తిరక్కుండానే ఆయన చేతులెత్తేయాలని నువ్వు తప్పు నంబరు రాసిచ్చావు. ఆయన కళ్లద్దాల తప్పేమో అనుకుని, "ఏమ్మే, నువ్వు సూడు" అని నా చేతికిచ్చాడు. నేను చూశాను. అంతే, తెరుచుకుంది. రాజేంద్ర చెప్పిన అచ్చు సంగతి నీ ఫోనుకు కూడా తెలిసింది. అందుకే మీ బావ రోజుకు పదిసార్లు నా ముందు నిలబడ్డాడు. ఛార్జింగు దిగి ఆరిపోతే ముఖం చాలదు, మళ్లీ నంబరు అడుగుతుందని సురేంద్ర చెప్పాడు. అందుకే ఆయన వానలో పుంగనూరు పోయాడు.

మెసేజులు నేను వెతకలేదు. అవే పైన వచ్చి పడ్డాయి. 'దూడ ఎప్పుడు పంపుతారు? మెడకు గంటలు తెప్పించాను. పిల్లలు ఎక్కి ఫోటో దిగడానికి అరుగు కట్టించాను.' ఇదీ నీ డ్రిప్పు పైపుల పార్టీ. నీ సిమ్ము నీ దగ్గరుంటే ఆ మాటలు ఇక్కడికెందుకు వచ్చాయని సురేంద్రను అడిగాను. "ఆయప్పదీ పండు ఫోనే కదమ్మా. ఆ జాతి ఫోన్లు ఒగదాంతో ఒగటి మాట్లాడుకుంటాయి. సిమ్ము యాడికి పోయినా మెసేజు పాత ఇంటికే వస్తాది" అన్నాడు.

దూడ మీద పిల్లలు ఎక్కడమేమిటి? అది ఎంత ఉందని? అప్పుడే నేను తేల్చుకున్నాను. కీర్తి టైపు చేసింది, మాటలు నావి. నా దూడను నువ్వు ఇస్తానన్నావు కాబట్టి, నీ బండిని నేను ఇస్తానన్నాను. నువ్వు వదలవని నాకు తెలుసు. భానుప్రకాశ్‌కు ఉన్న విషయం అంతా రాయించాను. ఆయన నవ్వే బొమ్మ ఒకటి పంపాడు. లారీ మళ్లీ రాదు. ఆ సంగతి నీకు ఫోనులో చెప్పి ఉండొచ్చు. కాయితం మీద నాలుగు రోజులు ఆలస్యంగా తెలియడమే నీకు మంచిదనిపించింది.

మీ బావ బుధవారం ఆరుంబావు బస్సుకు వస్తాడు. ఫోను ఇచ్చి బండి తీసుకుంటాడు. ఆ ఫోను పోతే ఆయనకు నా ముఖంతో పని ఉండదు. వంటకు అడ్డం లేకుండా ఉంటుంది.

వసుధ మొన్న కీర్తి ఫోనుకు చేసి రెండో సిమ్ము గురించి నన్ను అడిగింది. అబద్ధం ఆడలేనని ముందే చెప్పాను.

అక్క
కృష్ణమ్మ

కుప్పం,
ఆగస్టు 14

అక్కకు నమస్కారం.

రెండో సిమ్ము వసుధ దగ్గర ఉంది.

బావ నిన్న పదిన్నరకు దిగాడు. బస్సులో ఛార్జింగు అయిపోయి నా ఫోను ఆరిపోయి ఉంది. తీగ పెట్టి, అసలు నంబరు కొట్టాను. బావ పక్కనే నిలబడి ఆరు అంకెలూ చూశాడు.

ఫోటోలు రెండు వందల పైన తీసి పెట్టాడు. అన్నీ దూడవే. నాలుగైదింట్లో నువ్వు ఉన్నావు, ఒకదాంట్లో పేడ గంపతో. "జాగా పాడవతాది, తుడిపేసేదా బావా?" అన్నాను. "దూడవి తుడిపెయ్యప్పా" అన్నాడు.

ఆయన ఫోను అరుపు ఎలా ఆపాలో అప్పుడు అడిగాను. పక్కనున్న మీటను ఒకసారి నొక్కి చూపించాడు. రెండు నెలలు నేను దాన్ని నొక్కలేదు.

బండి తొమ్మిదో తన్నుకు స్టార్ట్ అయింది. బావ తువ్వాలు తలకు చుట్టుకుని ఎక్కాడు. వసుధ పొట్లం కట్టి ఇచ్చిన వక్కాకు జేబులో పెట్టుకున్నాడు. మలుపు తిరిగాక కౌంటరు మీద చూస్తే రెండు ఫోన్లూ అక్కడే ఉన్నాయి. పిలిచి చెబుదామంటే ఆయన దగ్గర ఫోను లేదు. ఈ ఉత్తరం కంటే ముందే ఆయన వచ్చి ఉంటాడు.

బావ నిన్న, బుధవారం, పదకొండు నలభైకి పలమనేరు దోవన వెళ్లిపోయాడు.

చెంగయ్య